పుట్టిన ఊరి కాగితం

కాశీనాథం తండ్రికి సిద్దిపేటలో బట్టల దుకాణం ఉండేది. కాశీనాథం మాత్రం కొలంబో రేవు చేరి పదేళ్లు తెరచాపలు కుట్టాడు. భార్య జ్ఞానేశ్వరితో సొంత పడవలో రేవు రేవుకూ తిరుగుతూ బతకాలని అతని కోరిక. 1946లో ఒక ఇంగ్లీషు దొర తన తెరచాప పడవ అమ్ముతానన్నాడు.

రిజిస్ట్రీ కచేరీలో గుమస్తా అడ్డుపడ్డాడు. "నిజాం ఇలాకావాళ్ల పేరున పడవ రాయం. బ్రిటిష్ ఇలాకాలో పుట్టి ఉండాలి."

దొర శనివారం మధ్యాహ్నం ఓడెక్కుతాడు. ఆలోగా కాగితాలు కాకపోతే పడవ ఇంకొకరికి పోతుంది.

"మీరు పుట్టింది బెజవాడల గదా!" అంది జ్ఞానేశ్వరి. "అత్తమ్మ తొలికాన్పుకు తల్లిగారింటికే పోయిందట."

కాశీనాథం బెజవాడలో ఉన్న మేనమామ పురుషోత్తానికి తంతి కొట్టాడు. పురపాలక కచేరీ నుంచి జనన నకలు తీసుకుని తానే వస్తున్నానని మేనమామ జవాబిచ్చాడు.

శనివారం పొద్దున భార్యాభర్తలిద్దరూ కొలంబో స్టేషనుకు వెళ్లారు. ఓడలో సముద్రం దాటి వచ్చేవాళ్లను తెచ్చే రైలు రెండు గంటలు ఆలస్యమైంది. దిగేవాళ్లందరూ దిగిపోయినా మేనమామ కనిపించలేదు. కాశీనాథం పెట్టె పెట్టెలోకీ తొంగి చూశాడు. చివరి పెట్టెలోంచి ముసలి మేనమామ మెల్లగా దిగాడు.

ముగ్గురూ కచేరీకి పరుగెత్తారు. నకలు చదివి గుమస్తా తల అడ్డంగా ఊపాడు. "ఇందులో మగశిశువు అనే ఉంది. పేరేదీ?"

"పుట్టిన రోజే పేరెవరు పెడతారండీ? తండ్రి పేరు చూడండి. వీణ్ణి మొదట ఎత్తుకున్నది నేనే, సాక్షి సంతకం పెడతాను," అన్నాడు పురుషోత్తం.

గుమస్తా ఆయన చేత సంతకం పెట్టించుకుని ముద్ర వేశాడు. అక్కడే కాచుకుని ఉన్న దొర సంతకం చేసి, టోపీ తీసుకుని ఓడ వైపు పరుగుతీశాడు.

సాయంత్రం జ్ఞానేశ్వరి పడవలో కూర్చుని అడిగింది: "ఇగ ఎటు పోదాం?"

"ముందుగాల గా తాడు ఇప్పు," అన్నాడు కాశీనాథం. అతను తెరచాప ఎత్తసాగాడు.