రోమన్ల తలంటు

రియాద్‌లో నా ఉద్యోగం చాలాకాలం బాత్రూం తలుపు బయటే గడిచింది. ఇంటి యజమాని తల్లిని చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నారు. ఆవిడని ఇంట్లో మామా కబీరా అంటారు, పెద్దమ్మగారని. ఎనభై దాటింది. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. అయినా స్నానానికి వెళ్లి లోపల గడియ పెట్టేసుకునేది. నేను బయట స్టూలు మీద కూర్చుని రెండు నిమిషాలకోసారి "మామా, బాగున్నారా?" అని అరవాలి. లోపలినుంచి "బతికే ఉన్నాను!" అని కసిరేది. మా పశ్చిమ గోదావరిలో నేను తలంటి పోసిన పిల్లలు ఇవాళ పిల్లల్ని కన్నారు. అలాంటిదాన్ని తీసుకొచ్చి తలుపుకి కాపలా పెట్టారు!

రంజాన్ వెళ్లిన వారానికి ఆవిడ లోపల జారిపడింది. గడియ విరగ్గొట్టి బయటికి తెచ్చాం. ఎముకలు దక్కాయి గానీ తుంటి కమిలిపోయింది. ఇకమీదట నేను పోస్తానంటే వింటేనా?

"ఒకళ్ల చేత స్నానం చేయించుకునేది ఇద్దరే. పసిపిల్లా, శవమూ. నేను రెండూ కాదు" అంది.

కొత్త గడియ బిగించేదాకా ఒంటిమీద చుక్క నీళ్లు పోసుకోలేదు, మొండిఘటం.

రెండు రోజుల తర్వాత ఆ ఇంటి డ్రైవర్ కారు తుడుస్తూ నన్ను పిలిచాడు. కరీంనగర్ కుర్రాడు, నన్ను అక్కా అంటాడు.

"అక్కా, ఒక మాట చెప్తా, పరేషాన్ గాకు. సార్ ఫోన్ల ఏజెన్సీతోని మాట్లాడుతుండె. తానం చేపిచ్చేటి నర్సు కావాల్నంట. ఎండకాలం సెలవులైనంక నీకు ఎగ్జిట్ కొడ్తరంట."

ఎగ్జిట్ అంటే వీసా రద్దుచేసి ఇంటికి పంపెయ్యడం. ఊళ్లో మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. అది గట్టెక్కేదాకా నేనిక్కడ ఉండి తీరాలి. పైగా ఆ ముసలావిడ అంటే నాకు ఇష్టం పుట్టింది. తిట్టినా ముఖం మీదే తిడుతుంది, తన పళ్లెంలో ఖర్జూరాలు నాకు సగం తీసి పెడుతుంది. ఆ తలుపు తెరుచుకుంటే నేనుంటాను, లేకపోతే లేదు.

ఆ సెలవుల్లో అందరం ఇంగ్లండ్ వెళ్లాం. అక్కడొక ఊళ్లో భూమిలోంచి వేడినీళ్లు ఊరతాయి. రోమన్లు ఎప్పుడో ఆ ఊటకి రాళ్లు కట్టి స్నానశాలలు లేపారట. ఈనాటికీ జనం ఆ నీళ్లలో నొప్పులు తగ్గుతాయని వెళుతుంటారు. తల్లి మోకాళ్లకి మంచిదని కొడుకు తీసుకెళ్లాడు. కొత్తగా కట్టిన చోట ఆడా మగా చిన్న చిన్న బట్టల్లో ఒకే నీళ్లలో ఉన్నారు. మామా కబీరా ఒక్క చూపు చూసి "అస్తఘ్ఫిరుల్లా" అని చేతికర్ర వెనక్కి తిప్పింది. బయట వాన. కొడుకు కాఫీ వెతుక్కుంటూ పోయాడు. కోడలు, అంటే మా మేడమ్, ఎక్కడో ఒకచోట తలదాచుకోవాలి కదా అని మమ్మల్ని పక్కనున్న పాత రోమన్ స్నానశాల చూడ్డానికి తీసుకెళ్లింది.

అక్కడ ఎవరూ స్నానం చెయ్యరు. పచ్చటి నీళ్లు, పైన ఆవిరి, పాదాలకి అరిగిన మెట్లు. నీళ్లు పోయే తూము అప్పుడు కట్టిందే ఇప్పటికీ పనిచేస్తోందంటే నాకు మండుకొచ్చింది. రియాద్‌లో మా వంటింటి సింకు నెలకోసారి పూడుకుపోతుంది మరి.

ఒక గాజు పెట్టె దగ్గర అక్కడి గైడు ఆగింది. అందులో చిన్న నూనె బుడ్డి, పక్కన పళ్లు లేని కొడవలిలా వంగిన కంచు బద్ద. ఒళ్లంతా నూనె పట్టించి, మట్టీ చెమటా నానాక, ఈ బద్దతో గీకి, అప్పుడు నీళ్లలోకి దిగేవారట. మేడమ్ అరబ్బీలో చెబుతుంటే నేను గట్టిగా నవ్వేశాను.

"ఇది తలంటే కదా మామా! మాకు సున్నిపిండి, వీళ్లకి కంచు బద్ద, అంతే తేడా!" అని నా చెయ్యి మీద గీకి చూపించాను.

"ఏం నూనె?" అంది ఆవిడ.

గైడునడిగి మేడమ్ చెప్పింది, "జైతూన్."

ఆలివ్ నూనె. ఆవిడ నిటారుగా నిలబడింది. ఆలివ్ తోటలున్న జౌఫ్ నుంచి ఆ నూనె డబ్బాలు తెప్పించుకునే మనిషి.

గైడు ఇంకో కథ చెప్పింది. ఒక రోమన్ చక్రవర్తి జనంతో పాటు స్నానానికి వెళితే, ఒక ముసలి సిపాయి వీపు గోడకేసి రుద్దుకుంటున్నాడట. ఇదేంటయ్యా అంటే, రుద్దే మనిషి లేడు ప్రభూ అన్నాడు. చక్రవర్తి అతనికి పనివాళ్లనిచ్చాడు. మర్నాడు వచ్చి చూస్తే ముసలాళ్లందరూ వరసగా గోడకి రుద్దుకుంటున్నారు! ఆయన నవ్వి, "ఒకరి వీపు ఒకరు రుద్దుకోండి" అని పోయాడట.

మామా కబీరా నవ్వలేదు. రాతి అరుగు మీద కూర్చుంది.

"ఆ సిపాయి యుద్ధాలు చేసినవాడే కదా?" అని అడిగింది.

"అవును మామా."

"పసివాడు కాదు, శవమూ కాదు" అని తనలో తను అనుకుంది.

లేవబోతుంటే నేను చేతికర్ర అందించాను.

రియాద్ తిరిగొచ్చిన మొదటి శుక్రవారం పొద్దున ఆవిడ స్నానానికి వెళ్లింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. గడియ చప్పుడు కాలేదు. కాసేపటికి లోపలినుంచి కేక.

"యా బింత్! ఏం, నన్ను గోడకి రుద్దుకోమంటావా?"

నలభై ఆరేళ్లదాన్ని, ఆవిడకి ఇంకా బింత్‌నే, అంటే పిల్లనే. జైతూన్ నూనె పట్టుకుని ఒక్క ఉరుకులో లోపలికెళ్లాను. నూలు గౌను మీదే నీళ్లు పోశాను. ఆ వీపు నేననుకున్నదాంట్లో సగం కూడా లేదు. రుద్దుతుంటే మెల్లగా భుజాలు వదులు చేసింది. కాగల కార్యం గంధర్వులే తీర్చారన్నట్టు, నా పని రోమన్లు తీర్చారు.

నర్సు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రెండు నెలలకి డ్రైవర్ నా కొత్త ఇకామా, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే కార్డు, తెచ్చిచ్చి, "ఇగ రంది లేదక్కా, ఇంకో ఏడాది గట్టి" అన్నాడు.

ఇకామా వచ్చిన వారం, శుక్రవారంనాడు ఆవిడకి స్నానమయ్యాక తడిగుడ్డలు తీస్తుంటే, చెయ్యి పట్టుకుని తన కుర్చీ ముందు కింద కూర్చోమంది. నూనె సీసా ఆవిడ ఒళ్లో ఉంది.

"వద్దు మామా, నేను పెట్టుకుంటాను."

"ఆ రాజు రెండోసారి ఏమన్నాడు? మర్చిపోయావా?"

వంకరపోయిన వేళ్లు, వాటిల్లో బలం లేదు. మాడుకి అంటాల్సిన నూనె సగం నా చెవుల్లోకి పోయింది. మా అమ్మ పోయాక నా తలకి ఎవరూ నూనె పెట్టలేదు. అందరికీ అంటేదాన్ని నేనే. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆవిడ చూసి ఇంకాస్త నూనె పోసింది.

తన బాత్రూంలోకే వెళ్లి స్నానం చెయ్యమంది. అలవాటుకొద్దీ గడియ పెట్టాను. బయట స్టూలు లాగిన చప్పుడైంది. రెండు చెంబులు పోసుకున్నానో లేదో తలుపు మీద కర్ర టకటకలాడింది.

"యా బింత్! బాగున్నావా?"

"బతికే ఉన్నాను మామా!" అని అరిచాను.