ఒక మొకం, ఇరవైమూడు కార్డులు

మా పెదనాయన పళనివేల్‌కు ఈ లోకంలో ఒకటే పిచ్చి. ఎయిర్‌పోర్టులో లాంజి. అందరూ విమానం ఎక్కడానికి ఎయిర్‌పోర్టుకు పోతే, ఆయన లాంజిలో కూర్చోడానికి పోతాడు. ఎలాగూ అంతదూరం వచ్చాం కదా అని విమానం కూడా ఎక్కి వస్తాడు.

లాంజి అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అదొక చల్లని గది. విమానం వేళ అయ్యేదాకా కూర్చోడానికి మెత్తని సోఫాలు, తినడానికి ఇడ్లీ మొదలు ఐస్‌క్రీం దాకా ఉంటాయి. తలుపు దగ్గర ఒక బల్ల, బల్ల వెనక ఒక అమ్మాయి. ఫలానా బ్యాంకు కార్డు చూపిస్తే లోపలికి పంపుతుంది. ఆ ఫలానా కార్డు ఏదన్నదే పెదనాయన బతుకులో పెద్ద కష్టం. కోయంబత్తూరులో చెల్లే కార్డు చెన్నైలో చెల్లదు. చెన్నైలో చెల్లేది గౌహతిలో చెల్లదు. పోయిన నెల చెల్లింది ఈ నెల చెల్లదు. అందుకని ఆయన దగ్గర ఇరవైమూడు కార్డులున్నాయి.

ఇరవైమూడు కార్డులు పట్టే పర్సు మా ఊరు ఉడుమలైపేట బజారంతా వెతికినా దొరకలేదు. పాత సైకిల్ ట్యూబు కోసి, కార్డులన్నీ కట్టగా బిగించి, చొక్కా జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ బరువుకు చొక్కా ఎడమపక్కకు జారిపోయేది. ఆయన నిలబడితే గోడకు వంకరగా తగిలించిన ఫోటోలాగా ఉండేవాడు. చూసి చూసి విసిగిపోయిన ముత్తులక్ష్మి పెదమ్మ బనీను లోపల గోనెగుడ్డతో ఒక జేబు కుట్టిపెట్టింది. దాంతో చొక్కా సరిగ్గా నిలబడింది కానీ, పెదనాయన గుండెల మీద ఇటుక పెట్టుకుని తిరుగుతున్నట్టు కనబడసాగాడు.

ఆ ఇటుకను చూసి ప్రతి ఎయిర్‌పోర్టులోనూ సెక్యూరిటీ వాళ్లు ఆపుతారు. ఒకసారి ఒక ఆఫీసరు కట్టను అటూ ఇటూ తిప్పి, "పేకాటా?" అని అడిగాడట.

"పేకాట అయితే పరవాలేదుంగ. దాంట్లో ఎప్పుడన్నా గెలవచ్చు" అన్నాడట పెదనాయన.

మాకు కొబ్బరి పీచు మిల్లు ఉంది. పీచు తీసే యంత్రాల సంగతి పెదనాయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అస్సాం నుంచి ఎవరో ఫోను చేసి యంత్రం చప్పుడు వినిపిస్తే, ఏ బేరింగు పోయిందో ఇక్కడి నుంచే చెప్పగలడు. కానీ చెప్పడు. "యంత్రాన్ని కండ్లతో చూడాల" అంటాడు. వాళ్లు టికెట్టు పంపుతారు. ఈయన నాలుగు గంటలు ముందుగా ఎయిర్‌పోర్టులో దిగుతాడు.

దిగాక మొదటి పని బల్ల ముందు ఉపన్యాసం.

"అమ్మా, మనిషికి మొకం ఎన్ని?"

"ఒకటే సార్."

"ఒక మొకానికి ఇరవైమూడు కార్డులేలమ్మా? నన్ను చూసి లోపలికి ఇడువు. నేను నిన్నా నేనే, నేడూ నేనే. కార్డుకి గడువుండాది, నాకు లేదు."

ఆ అమ్మాయి ఓపిగ్గా విని, "కార్డు సార్" అని చెయ్యి చాపుతుంది. పెదనాయన నిట్టూర్చి, బనీనులో చెయ్యి పెట్టి, కట్ట బయటికి లాగుతాడు. వెనక నిలబడ్డవాళ్లు వేరే లైను ఉందేమోనని చూస్తారు.

ఆ కార్డులు చచ్చిపోకుండా కాపాడుకోవడం ఇంకో పని. మూడు నెలలకొకసారి ప్రతి కార్డుతోనూ ఏదో ఒకటి కొనాలి. అందుకని మా పెదనాయన ఇంట్లో నాలుగు మిక్సీలు, మూడు ఇస్త్రీపెట్టెలు, ఒక వ్యాయామం సైకిలు ఉన్నాయి. సైకిలు మీద పెదమ్మ చీరలు ఆరేస్తుంది.

మా నాయన ఇళంగో ఆయనకు తమ్ముడు. ఆయనకు ఇది సుతరామూ నచ్చేది కాదు. "ఇంట్లో ఆరు ఇడ్లీలు తిని పోతాడు. మళ్లా ఆడ పోయి సాప్పాటు! వట్టినే వస్తుందంటే ఇంత ఆశా? ఊర్లో మానం పోతా ఉండాది" అనేవాడు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించేది. మిల్లులో పనిచేసేవాళ్ల పిల్లలకు ఫీజులు కట్టే మనిషి, ఊరికే వచ్చే ఉప్మా కోసం బల్ల ముందు తగువులాడటమేమిటి?

వ్యవహారం పళనిలో జరిగిన ఒక పెళ్లిలో ముదిరింది. పంక్తిలో పక్కన కూర్చున్న పెళ్లికొడుకు మామ, "ఫోను నంబరుండే మీ కార్డు ఒకటి ఇవ్వండంగ, మా మిల్లుకు పిలుస్తాను" అన్నాడు. కార్డు అనే మాట వినగానే పెదనాయన కట్ట తీశాడు. ట్యూబు పాతదైపోయి ఉంది. ఠప్పుమని తెగి, ఇరవైమూడు కార్డులూ గాల్లోకి లేచాయి. సగం ఆకుల మీద పడ్డాయి. నాలుగు సాంబారు బకెట్టులో మునిగాయి. వడ్డించే అతను చూసుకోకుండా పెళ్లికూతురి అత్తకు గరిటెడు సాంబారుతోబాటు ఒక కార్డు వడ్డించాడు. ఆమె మునక్కాడ అనుకుని కొరికింది.

మరునాడే పెదమ్మ నాకు ఫోను చేసింది. "సరణ్యా, కణ్ణూ, నీవు కంప్యూటరు చదివినదానివి కదా. ఈ కట్టకి ఏదన్నా ఒక దారి చూడు. లేకుంటే నేను మా అమ్మగారింటికి పోతాను." పెదమ్మ వయసు అరవై. అమ్మగారిల్లు పక్క వీధి. అయినా నాకు భయమేసింది.

నేను వెళ్లి కార్డులన్నిటినీ ఆయన ఫోనులోకి ఎక్కించాను. కట్టను పెదమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది. పెదనాయన ఫోనును అరచేతిలో పెట్టుకుని అనుమానంగా చూశాడు.

"అన్నీ దీని లోపలే ఉండాయా?"

"అన్నీ ఉన్నాయి పెదనాయినా. ఇంక మోసే పని లేదు."

"గెస్టుది కూడానా?"

"నీకు గెస్టు ఎవరు? నువ్వొక్కడివే కదా పోయేది?"

ఆయన బనీను లోపలి ఖాళీ జేబును రెండుసార్లు తడుముకున్నాడు.

తర్వాత మే నెలలో నాకు ఆఫీసు పని మీద ఢిల్లీ పోవలసి వచ్చింది. పెదనాయన కూడా అదే విమానంలో ఢిల్లీ పోయి, అక్కడి నుంచి గౌహతి పోవాలి. ఇద్దరం కోయంబత్తూరు ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దాటాం. ఆ రోజు ఆయన్ను ఎవరూ ఆపలేదు. అందుకు ఆయన కొంచెం నొచ్చుకున్నట్టే కనిపించాడు. లోపలికి పోయేసరికి ఢిల్లీలో దుమ్ము తుపాను, విమానం ఐదు గంటలు ఆలస్యం అని బోర్డు మీద పడింది.

"లాంజికి పోదామా?" అన్నాను.

"ఉండు" అన్నాడు. కుర్చీల వరసల మధ్య నెమ్మదిగా నడుస్తూ ఒక్కొక్కరినీ చూడసాగాడు. సంతలో ఎద్దుల్ని చూసేవాడిలాగా ఉన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఒక చోట ఆగాడు. అక్కడ అరవై ఐదేళ్ల పెద్దామె కూర్చుని ఉంది. మెడలో నల్లదారానికి చిన్న శిలువ. ఒళ్లో గుడ్డసంచి, రెండు చేతుల్లోనూ బోర్డింగ్ పాస్. దాన్ని ఎవరో లాక్కుపోతారన్నట్టు పట్టుకుంది. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, తమిళనాడులో మా ఇళ్లల్లో మాట్లాడే తెలుగులోనే మాట్లాడుతోంది.

"తిన్నాను లేమ్మా... ఆమా, కడుపు నిండా తిన్నాను. ఇక్కడ అంతా బాగుండాది. నీవు కడుపుతో ఉండేదానివి, నా కత పెట్టుకోవద్దు. పండుకో."

ఫోను పెట్టేసి, ఎదురుగా ఉన్న కొట్టులో దోసె ధర రాసిన బోర్డు వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుంది.

పెదనాయన పోయి ఆమె పక్కన కూర్చున్నాడు. "ఏ ఊరు అక్కా?"

మన మాట వినబడేసరికి ఆమె ముఖం విప్పారింది. పేరు పాప్పమ్మాళ్. ఊరు పెరియకుళం. మామిడితోటల్లో కూలిపని. కూతురు ఢిల్లీలో నర్సు, తొలి కాన్పు. మధ్యలో విమానం మారడం అమ్మకు చేతకాదని, నేరుగా పోయేది చూసి కోయంబత్తూరు నుంచి టికెట్టు తీసి పంపింది. తెల్లవారకముందే బస్సెక్కిందట.

"అక్కా, నాకు ఒక ఉపకారం చెయ్యాల" అన్నాడు పెదనాయన, గొంతు తగ్గించి. "నా దగ్గర ఒక కార్డు ఉండాది. ఈ మూడు నెలల్లో నాతో ఇంకో మనిషి లోపలికి వచ్చి సాప్పాటు చేయకుంటే, కార్డు చచ్చిపోతుంది."

"అయ్యో! చచ్చిపోతుందా?"

"నేడే కడపటి దినం. ఇదో మా తమ్ముడి కూతురు, ఆఫీసు కార్డు పెట్టుకుని ఉండాది. దీన్ని లెక్కలో తీసుకోరు. నీవు వస్తే నా కార్డు బతుకుతుంది."

పాప్పమ్మాళ్ గుడ్డసంచి భుజానికి తగిలించుకుంది. "నాకు ఆకలి లేదు తమ్ముడా. అయినా నీ కార్డు కోసరం వస్తాను" అని లేచింది.

నేను నోరు తెరుచుకుని వాళ్ల వెనకే నడిచాను.

బల్ల దగ్గరి అమ్మాయి పేరు వాసుకి. పెదనాయనను చూడగానే, "వాంగ సార్, ఈసారి చాలా రోజులైంది" అంది. ఆయన ఫోను చూపించాడు. ఆమె మిషను దగ్గర పెట్టి, ముఖం చిన్నబుచ్చుకుంది. "మీకు సరే సార్. గెస్టుకు ఫోను పనికిరాదు. అసలు కార్డే కావాలి. రూలు మారింది."

పెదనాయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది. ఉడుమలైపేటలో, బీరువాలో, తాళం వెనక ఉన్న ఇటుక నా గుండెల మీదికి వచ్చి కూర్చుంది.

"దానికేం పెదనాయినా, ఆమెకు నేను డబ్బు కట్టే..."

ఆయన నా మోచేతిని గట్టిగా గిల్లాడు. "నోరు మూయి కణ్ణూ! కాసు కడతామని తెలిస్తే ఆమె లోపలికి కాలు పెడుతుందా?" అన్నాడు చెవిలో.

అప్పటికే పాప్పమ్మాళ్ అడుగుతోంది. "ఏమి తమ్ముడా? కార్డు పోయిందా?"

"లేదు లేదు, ఇంకొకటి ఉండాది" అని పెదనాయన ప్యాంటు జేబులన్నీ వెతికాడు. చివరికి వెనక జేబులోంచి మడతపడిన ఒక కార్డు బయటికి తీసి, మహారాజు ముద్ర ఉంగరం ఇచ్చినంత దర్జాగా వాసుకి చేతిలో పెట్టాడు. నేను తొంగి చూశాను. అది కంటి ఆస్పత్రి కార్డు. ఎడమకన్ను శుక్లం ఎప్పుడు చూపించుకోవాలో దాని మీద రాసి ఉంది.

వాసుకి దాన్ని చూసింది. పెదనాయనను చూసింది. పాప్పమ్మాళ్ అరిగిన చెప్పుల్ని చూసింది. తర్వాత కంటి ఆస్పత్రి కార్డును ఎంతో శ్రద్ధగా మిషను మీద గీకింది. మిషను చప్పుడు చేయలేదు. ఆమె బల్ల కింద చెయ్యి పెట్టి గంట ఒకటి నొక్కింది. టింగుమంది.

"అయింది సార్. లోపలికి రండమ్మా."

"కార్డు బతికిందా?" అంది పాప్పమ్మాళ్.

"బతికింది అక్కా. నీ పుణ్యం."

వాళ్లు లోపలికి పోయాక నేను నా సొంత కార్డు తీసి బల్ల మీద పెట్టాను. వాసుకి పాప్పమ్మాళ్‌కూ నాకూ కలిపి డబ్బు తీసుకుని రసీదు కొడుతూ, "మీరు సార్‌తో రావడం ఇదే మొదటిసారి కదూ?" అంది.

"ఎప్పుడూ ఇలాగే చేస్తాడా?"

"ఒంటరిగా వచ్చింది నేను చూడలేదండీ. పోయిన సారి దుబాయి పోయే తాపీ మేస్త్రీలు ముగ్గురు. అంతకుముందు కొడుకును చూడటానికి పోతున్న గుడ్డి తాత. ఒక్కో కార్డుకు ఒక్క గెస్టే. ముగ్గురుంటే మూడు కార్డులు గీకాలి. అందుకే అన్ని మోస్తారు. అందరికీ ఇదే కత, కార్డు చచ్చిపోతుందని." ఆమె నవ్వింది. "సార్ మాత్రం ఒక గ్లాసు మజ్జిగ తాగుతారు. ఇంట్లో ఇడ్లీలు తిని వచ్చానంటారు."

నేను లోపలికి పోయేసరికి పాప్పమ్మాళ్ ముందు పొంగలి, వడ, కేసరి, ఇంకా నాకు పేరు తెలియనివి నాలుగు ఉన్నాయి. ఆకలి లేదన్న మనిషి రెండోసారి పొంగలి పెట్టించుకుంటోంది. "కార్డు కోసరం తినాల కదా!" అంది నాతో, సంజాయిషీ చెబుతున్నట్టు. పెదనాయన మజ్జిగ చప్పరిస్తూ, ఒక మొకానికి ఇన్ని కార్డులేలని ఆమెకు ఫిర్యాదు చేస్తున్నాడు. ఆమె బాగా జాలిపడుతోంది.

ఢిల్లీలో దిగాక, సామాను దగ్గర ఆమె పెదనాయన చెయ్యి పట్టుకుంది.

"తమ్ముడా, నేను ఆడి నెల పదో తేదీ తిరిగి పోతాను. ఆ పొద్దు కూడా నీ కార్డు చచ్చేటట్టుంటే చెప్పు, ఇక్కడి లాంజికి వస్తాను. మొగమాట పడొద్దు. మనుషులన్న తర్వాత ఒకరికొకరు చేసుకోవాల."

"తప్పకుండా అక్కా" అన్నాడు పెదనాయన.

ఇప్పుడు జులై వచ్చింది, ఆడి నెల దగ్గర పడుతోంది. పదో తేదీకి ఢిల్లీ దగ్గర ఎక్కడైనా పీచు యంత్రం చెడిపోతుందా అని పెదనాయన ఊరూరికీ ఫోన్లు చేస్తున్నాడు. ఢిల్లీ చుట్టుపక్కల కొబ్బరిచెట్లే లేవు పెదనాయినా అని చెప్పి చూశాను. "లేకపోతే ఏమి కణ్ణూ, యంత్రం ఉండకూడదా?" అంటున్నాడు.