నన్నడుగు బాబూ

మా పెద్దమ్మను చక్రాల కుర్చీలో ఎక్కడికి తీసుకెళ్లినా అందరూ నాతోనే మాట్లాడేవారు. పలాస స్టేషన్లోనైనా, టెక్కలి ఆసుపత్రిలోనైనా ఆమె అనేది ఒకే మాట: "నన్నడుగు బాబూ."

ఒకసారి మ్యూజియం చూడ్డానికి వెళ్తే, గుమ్మంలో కాపలాదారు కూడా నాతోనే, "మెట్లున్నాయి. ఆవిడని నీడలో ఉంచి మీరు చూసొచ్చేయండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"నన్నడుగు బాబూ" అంటూ పెద్దమ్మ మెట్ల ముందు అడ్డంగా కుర్చీకి బ్రేకు వేసేసింది. వెనక జనం గొణుగుతున్నారు. అతను నన్నే చూస్తూ, "పోనీ, ఎత్తి లోపల పెడదామా?" అన్నాడు.

"నన్నెవుడూ ఎత్తొద్దు. ఆ రాతి బొమ్మలు మెట్లెక్కొచ్చినాయేటి? ఏ దారంట తెచ్చినారో ఆ తలుపు తియ్యి."

చివరికి తాళాలు తెచ్చి వెనక తలుపు తీశాడు. అక్కడ మెట్లు లేవు, వాలు దారి ఉంది. లోపలికి తోస్తుంటే, "ఆవిడ జాగ్రత్తండీ" అని నాకే చెప్పాడు.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. అతను ఆమెను ఒక్క మాటైనా అడగలేదని నేనింకా అంటూనే ఉన్నాను.