సగం గీసిన గడ్డం

"కదలకు. గొంతు దగ్గర కత్తుంది. ఏదైనా చెప్పాలనిపిస్తే కళ్లతో చెప్పు, నేను అర్థం చేసుకుంటాలే. ఇంతకీ ఎక్కడున్నాం? ఆఁ, అక్కగారు. ఆవిడ చేసిన పని వింటే ఇంత నురగలోనూ నువ్వు నోరు వెళ్లబెడతావ్."

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న బోర్డుల పెయింటర్ రెండుసార్లు కళ్లు ఆర్పాడు. ఈ ఒంటికుర్చీ సెలూన్‌లో 'ఊఁ' కొట్టడమంటే అదే.

సెలూన్ ఆయన్ని వీధంతా 'ఉత్తరాల బాబాయ్' అంటుంది. ఎవరి కొలువులోనూ లేకుండా సొంతంగా రాజకీయాల మీద రాసి, ఈమెయిల్‌లో పంపేవాళ్ల న్యూస్‌లెటర్లు ఆయనకు వస్తాయి. ఆయన లెక్కలో అవి ఉత్తరాలు. చేతులకు ఎప్పుడూ నురగే కనుక ఫోన్‌ను అద్దం పక్కన నిలబెట్టి, దాని చేతే చదివిస్తాడు. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టిన మనిషి, అర్థంకాని మాట తగిలితే దాని అంతు చూసేదాకా వదలడు. ఒకసారి 'సగటు ఆదాయం' దగ్గర ఆగిపోయి, దువ్వెనలన్నీ పొడవు ప్రకారం బల్ల మీద పేర్చి కొలిచాడు. తీరా చూస్తే సగటు పొడవున్న దువ్వెన ఒక్కటీ లేదు. "మరి ఆ సగటు మనిషి ఎక్కడుంటాడు బాబాయ్?" అని ఎవరో అడిగితే, "వాడి కోసమే చూస్తున్నా. వస్తే ఊరికే గీస్తా" అన్నాడు.

రాసేవాళ్లందరిలో తను 'అక్కగారు' అని పిలుచుకునే ఆవిడంటే ఆయనకు ప్రాణం. పత్రికలో ఉద్యోగం వదిలేసి, వంటింటి బల్ల మీద రాసుకునే మనిషి. నెల కిందట ఇంట్లో నిప్పు రాజుకున్నదీ ఆవిడ ఉత్తరంతోనే. బాబాయ్ భార్యకు అన్న, రెండు వీధుల అవతల బ్యాటరీల షాపు నడిపే బావగారు, ఇదే కుర్చీలో ఉన్నాడు. సర్కారు చిన్న బడులను మూసి పెద్దవాటిలో కలపొద్దని, ఫోన్ చదువుతున్న ఆ ఉత్తరం వాదించింది. కలపాలన్నది బావగారి పక్షం. కత్తి కింద ఉన్నంతసేపూ కుతకుతా ఉడికి, కత్తి పైకి లేవగానే ఆయనా లేచాడు. మెడకు గుడ్డతో, ఒక చెంప మీద నురగతో, వీధి వెంట వెళ్లిపోయాడు. మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు.

"మీ పిన్ని కంచం పెడుతోంది గానీ నోరు విప్పట్లేదురా. 'మా అన్నయ్యని సగం గడ్డంతో బజార్న నడిపించావు కదయ్యా' అంది. అదే ఆఖరి మాట." బాబాయ్ కత్తి తుడిచి, రెండో చెంపకు వచ్చాడు. "నిన్న ఆ బడుల మీదే కొత్త ఉత్తరం వచ్చింది. వింటే అక్కగారి మాటలు కావు! ఆవిణ్ని ఏడాదిగా ఉతికి ఆరేస్తున్న మాస్టారు ఒకాయన ఉన్నాడు చూడు, ఆయన వాదన. ఒక్క ముక్క కోయకుండా మొత్తం పెట్టింది. తనతో పోట్లాడేవాడికి తన ఇంట్లోనే పీట వేసింది! కింద ఆవిడ జవాబు. 'పిల్లలకి బస్సు వేస్తామన్న సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ ఆయన మాటే సరి. మిగతాదానికి ఒప్పుకోను' అంది. అంతమంది చూస్తుండగా!"

ఆయన చేయి గాలిలోనే ఆగింది. అద్దంలో ఆయన ముఖం చూస్తూ పెయింటర్ అనుకున్నాడు: మనిషి ఎత్తున్న అక్షరాన్ని మొదటిసారి గోడ మీద రాసి, కిందికి దిగి తలెత్తి చూసుకున్ననాడు తన ముఖమూ ఇలాగే వెలిగి ఉంటుంది. తడిగుడ్డ ముఖం మీద నుంచి తొలగాక అతను అడిగాడు.

"మరి మీ బావగారు ఎవరివి చదువుతారు బాబాయ్?"

బాబాయ్ ఆఫ్టర్‌షేవ్ సీసా మూత తిప్పబోయి ఆగాడు. "తెలీదురా." సీసా బల్ల మీద పెట్టేశాడు. "నావి వినిపించడమే గానీ, ఏనాడూ అడగలేదు."

బయట పెయింటర్ సైకిల్‌కు రంగు డబ్బాలు వేలాడుతున్నాయి. వాటికేసి చూసి, బాబాయ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆ దారినే కదా పోతావ్? బ్యాటరీల షాపు దగ్గర ఒక్క నిమిషం దిగు. ఎవరి ఉత్తరాలు చదువుతాడో అడిగి, ఆ పేరు పట్టుకురా. నా తరఫున సారీలు గీరీలు చెప్పకు, నువ్వు చెడగొడతావ్. పేరొక్కటే. ముందు ఓ నాలుగు చదివి, ఆ తర్వాత నేనే వెళ్తా."