నానమ్మ గడప తొక్కిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్ళకుండ పగలగొట్టినా బతికి బయటపడొచ్చుగాని, వీధి గడప తొక్కితే మాత్రం నానమ్మ చేతిలో అయిపోయినట్టే. దాని మీద నిలబడకూడదు, కూర్చోకూడదు, ఇటు నిలబడి అటున్నవాళ్ళకి చెంబు అందించకూడదు. నా కాలి బొటనవేలు ఆనినా పెరట్లో ఉన్న ఆవిడకి ఎలా తెలిసేదో తెలిసిపోయేది. "ఒలే గుంటా, లచ్చిందేవి నెత్తి మీద కాలెట్టినావేటే?" అని అక్కణ్ణుంచే అరిచేది. అంత గొప్ప దేవత పడుకోవడానికి మా ఇంట్లో అంత ఇరుకు చోటే దొరికిందా అని ఒకసారి అడిగాను. జవాబు వీపు మీద పడింది. నేను నాలుగో తరగతితో బడి మానేశానుగాని, నానమ్మ దగ్గర దెబ్బల చదువు మాత్రం ఆఖరి దాకా చదివాను.

మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గరి ఊరు. ఇసుక నేల, చుట్టూ కొబ్బరి తోటలు, ఎప్పుడూ ఉప్పుగాలి. మా పెంకుటింటి వీధి తలుపు తాతయ్య వాళ్ళ నాన్న చేయించినది. ఒంటి రెక్క, పనస చెక్క. ఇప్పటి తలుపుల్లాగా దానికి ఇనప బందులు లేవు. చెక్కలోనే పైనా కిందా మొనలు తీసి ఉండేవి. పై మొన ద్వారబంధంలో, కింది మొన గడపలో తొలిచిన గుంటలో తిరిగేవి. అంటే తలుపు బరువంతా మోసేది గడపే. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. మా ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు.

ఇది అరవైల చివరి మాట. అప్పటికి మా ఊళ్ళోకి కరెంటు కూడా రాలేదు. ఆ ఏడు మా తలుపు నేలని రాసుకోవడం మొదలుపెట్టింది. తీస్తే ఒక ఏడుపు, వేస్తే ఇంకో ఏడుపు. మా ఇంటికి ఎవరొచ్చారో వీధి వీధంతా కూర్చున్న చోటి నుంచే లెక్కకట్టుకునేది. నాన్న వడ్రంగిని పిలిచి తలుపు అడుగు చెక్కించాడు. కొన్నాళ్ళు ఊరుకుని మళ్ళీ ఏడ్చింది. మళ్ళీ చెక్కించాడు. మళ్ళీ అదే పాట. చెక్కినకొద్దీ తలుపు కిందికి దిగిపోయి, పైన పిచ్చుకలు వచ్చిపోయేంత సందు పడింది. గొళ్ళెం దాని కొక్కేనికి అందక తాడుతో కట్టుకునేవాళ్ళం.

"ఇంకో రెండుసార్లు సెక్కిత్తే తలుపు పోయి కిటికీ మిగుల్తాది నాన్నా" అన్నాను. నాన్న చెయ్యెత్తాడు. మా అత్త మాత్రం చేటలో బియ్యం ఎగిరిపోయేలా నవ్వింది.

మా అత్త అంటే నాన్నకి అప్ప, అదే, అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే మావయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది. ఆ ఇంట్లో నా వేళాకోళాలకి నవ్వే మనిషి ఆవిడొక్కతే. పెరట్లో బావి పక్కన ఒక పనస చెట్టు ఉండేది. అత్త పెళ్ళి కాకముందు పనస తొనలు తిని పారేసిన గింజ అట అది. ఆవిడ తెల్లచీరతో తిరిగొచ్చేసరికి చెట్టు మొదటి కాపు కాసింది. "దీని కాయలు నీవే" అన్నాడు తాతయ్య. అంతే, ఆ కాయలు బండెక్కి పలాస స్టేషన్‌కి వెళ్ళినప్పుడు వచ్చే డబ్బు ఒక్కటే ఆవిడ ఎవర్నీ అడక్కుండా ఖర్చు పెట్టుకోగలిగేది. తనకో చీర, నాకు గాజులు, నానమ్మకి చుట్టలు. అవి తప్ప ఆ ఇంట్లో ఆవిడది అని వేలు పెట్టి చూపించడానికి ఇంకేమీ లేదు.

ఒకరోజు నాన్న కొబ్బరికాయలు అమ్మడానికి పలాస వెళ్ళి, సాయంత్రం మొహం వెలిగించుకుని వచ్చాడు. జీడిపిక్కల వ్యాపారి ఒకాయన ఇంటికి రెండు రెక్కల తలుపు పెట్టించాడట. నీలం రంగు, ఇత్తడి కడియాలు. అన్నం తింటూ ఆ తలుపు గురించి చెప్పిన తీరు చూస్తే దానికి పిల్లనిచ్చి పెళ్ళి చేసేటట్టున్నాడు. చెయ్యి కడుక్కుంటూ, మామూలుగా, "అప్పా, మనమూ కొత్త తలుపు ఎట్టించేద్దాం. బావి కాడ పనస సెట్టు కొట్టిత్తే సరిపోతాది" అన్నాడు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అత్త ఏదో ఒకటి అంటుందని చూశాను. ఆవిడ కంచాలు ఎత్తుతూ, "నీ ఇట్టం తమ్ముడూ. సెట్టు ఇంటిదే గదా" అంది. తాతయ్య అరుగు మీద దగ్గాడు. అమ్మ తల వంచుకుంది. నానమ్మ చుట్ట వెలిగించి, మా వైపు ఆడవాళ్ళ అలవాటు ప్రకారం నిప్పు కొన నోట్లో పెట్టుకుని, పొగ లోపలే దాచుకుని కూర్చుంది. ఆవిడ నోట్లో నిప్పుందంటే మాట బయటికి రాదు. నేనొక్కదాన్నే, "తలుపు ఏడుత్తందని సెట్టుని సంపేత్తారేటి?" అన్నాను. నన్ను లేచి పొమ్మన్నారు.

శుక్రవారం చెట్టు కొట్టరు కాబట్టి శనివారానికి మాట అనుకున్నారు. శుక్రవారం నానమ్మ ఎప్పటిలాగే గడప కడిగి, పసుపు పట్టించి, బొట్లు పెట్టింది. ఆ రోజు ఎందుకో చాలాసేపు రాసింది. రాసిన చోటే మళ్ళీ రాసింది.

శనివారం పొద్దున వడ్రంగి, గొడ్డలితో ఇంకో మనిషి వచ్చారు. పెరట్లో అత్త పచ్చి కాయలన్నీ కోసి గోడవారగా పేరుస్తోంది. కోసినచోట కారే జిగురు పాలు మోచేతులదాకా అంటుకున్నాయి. ముదరని కాయలవి, కూరకి తప్ప ఎందుకూ పనికిరావు. అత్త ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. నాన్న చెట్టు మొదట్లో నిలబడి తాడు ఎటు కట్టాలో చూపిస్తున్నాడు.

అప్పుడు వీధి వైపు నుంచి నానమ్మ కేక వినబడింది. "అందరూ ఇలగ రండర్రా!"

పరుగెత్తుకెళ్ళాం. వెళ్ళినవాళ్ళం వెళ్ళినట్టే ఆగిపోయాం. నానమ్మ గడప మీద నిలబడి ఉంది. ఒక కాలు కాదు, రెండు కాళ్ళూ. నిన్నటి పసుపు మీద, కుంకం బొట్ల మీద. అమ్మ లెంపలేసుకుంది. గొడ్డలి మనిషి తలగుడ్డ విప్పేసి చేతిలో పట్టుకున్నాడు. ముసలావిడకి మతి పోయిందనుకున్నాను, లేకపోతే ఇంకేదో పూనిందనుకున్నాను. నవ్వడానికి నాకు ఎప్పుడూ ఏదో ఒకటి దొరికేది. ఆ పూట ఏమీ దొరకలేదు.

నానమ్మ ఎవరి వైపూ చూడలేదు. కుడికాలు ఎత్తి, బలమంతా పెట్టి, తలుపు తిరిగే మూల దగ్గర తొక్కింది.

విరిగిన చప్పుడు కూడా సరిగా రాలేదు. అప్పడం నలిగినట్టు చిన్న శబ్దం. అంతే, ఆవిడ కాలు చీలమండ దాకా గడపలోకి దిగిపోయింది. పైనున్న పసుపు పెంకులు పెంకులుగా లేచింది. లోపల కర్ర లేదు. మట్టి, పొట్టు, దాంట్లోంచి బిలబిలమని తెల్లటి చెదపురుగులు. మేం ఊపిరి బిగబట్టి నిలబడితే మా కోళ్ళు మాత్రం రెక్కలు కొట్టుకుంటూ వచ్చి విందు మొదలుపెట్టాయి. ఇన్నేళ్ళూ నేను వేలు ఆనించినందుకు దెబ్బలు తిన్నది ఈ పొట్టు కోసమా అని నోరు తెరుచుకుని ఉండిపోయాను.

"ఏటలగ సూత్తన్నారు?" అంది నానమ్మ, కాలు బయటికి లాక్కుంటూ. మడమ పైన గీరుకుని రక్తం వస్తోంది. "తలుపు పాడైపోనాదని సెట్టు కొట్టేత్తన్నారు గదా. పాడైపోనాది ఏదో ఇప్పుడు సూడండి."

"ముందే సెప్పొచ్చు గదే అమ్మా!" అన్నాడు నాన్న.

"ఏటని సెప్పమంతావురా? లచ్చిందేవి ఉండే సోటు డొల్లయిపోనాదని ఈ నోటితో సెప్పమంతావా? పసుపు రాత్తంటే ఏలికి మెత్తగా తగిలీది. తగిలిన కాడ ఇంకో పూత ఎక్కువ రాసీదాన్ని. అడిగినోడు లేడు, తొక్కినోడు లేడు." నానమ్మ చీర కొంగుతో రక్తం ఒత్తుకుంది. "నా ఆడగుంట సెట్టు మీదకే గొడ్డలొచ్చినాక ఇంకేటి దాసుకోను?"

వడ్రంగి తలుపు ఊడదీసి అరుగుకి ఆనించాడు. ఇన్నిసార్లు తలుపంతా సుత్తితో కొట్టి చూసినవాడు, పసుపు రాసిన గడప మీద సుత్తి పెట్టడం తప్పని దాని జోలికి పోలేదట. ఇప్పుడు తలుపు మీద పాత రంగు గీకితే లోపల చెక్క తేనె రంగులో మెరిసింది. "దీనికేటీ కాలేదు బావూ. నానే అన్యాయంగా దీని కాళ్ళు సెక్కేసినాను" అని దాన్ని మనిషిని నిమిరినట్టు నిమిరాడు. చెక్కేసినంత మేర కింద అతుకు వేస్తే చాలన్నాడు. కానీ గడపకి మాత్రం గట్టి కర్ర కావాలి.

నాన్న నేల చూస్తున్నాడు. జిగురు చేతులతో వెనక నిలబడ్డ అత్త ముందుకొచ్చింది.

"బావి వేపు పెద్ద కొమ్మ కొట్టుకోరా తమ్ముడూ. అది నాను ఇత్తన్నాను."

మొన్న 'నీ ఇట్టం' అన్న మనిషి కాదు ఆవిడ. నాన్న తలెత్తకుండానే తలూపాడు.

ఆ కొమ్మ వానాకాలమంతా చూరు కింద ఆరింది. అన్నాళ్ళూ గడప ఉండాల్సిన చోట ఒక కొబ్బరి దుంగ పడి ఉంది. దాని మీద నేను కాలు మీద కాలేసుకుని కూర్చునేదాన్ని, ఎవరూ ఏమీ అనేవారు కాదు. కాలికి పసుపుముద్ద కట్టుకుని కుంటుతున్న నానమ్మని, "లచ్చిందేవి కరిసినాదేటి?" అని అడిగాను. ఈసారి ఆవిడే నవ్వింది.

కొత్త గడప కూర్చోబెట్టి, పాత తలుపుని దానిలో నిలబెట్టిన తర్వాత మొదటి శుక్రవారం ఇంకో వింత చూశాను. నానమ్మ పసుపు గిన్నె పట్టుకొచ్చి అత్త చేతిలో పెట్టింది. అత్త వెనక్కి జరిగింది. భర్త పోయిన ఆడది గడపకి పసుపు రాయడం అప్పటిదాకా మా వీధిలో ఎవరూ చూడలేదు. "ఓలమ్మా, అదేటత్తా, నలుగురూ ఏటనుకుంతారు?" అని అమ్మ గడగడలాడిపోయింది.

"దాని కర్ర పనికొచ్చినాది గానీ దాని సెయ్యి పనికిరాదేటి?" అంది నానమ్మ, చుట్ట వెలిగించుకుంటూ. నిప్పు నోట్లో పెట్టుకుని మాట కట్టేసింది. ఎదురింటి అరుగు మీదివాళ్ళు లేచి నిలబడి మరీ చూశారు. అత్త గిన్నెలో వేళ్ళు ముంచింది. మొదటి పూత వంకరటింకరగా పడింది. తలుపు మాత్రం చప్పుడు లేకుండా తిరిగింది.

ఇప్పుడు నేను పలాసలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఇంట్లో దేనికైనా జబ్బు చేస్తే, మనిషికైనా వస్తువుకైనా, ఏడుస్తున్నదాన్ని వదిలేసి, ముందు అందరూ దండం పెట్టి పక్కకి తప్పుకునే చోటు ఏదా అని వెతుకుతాను. ప్రతి శుక్రవారం గడపకి పసుపు రాసేముందు వంగి వేలి కణుపులతో ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టి చూస్తాను. మా కోడలికి ఇదో పిచ్చిలా కనబడుతుంది. "గడపని కొడతారేటత్తా, తప్పు కాదేటి?" అంటుంది.

"తలుపు కొట్టి పిలుత్తన్నానే. లోపల లచ్చిందేవి ఉన్నాదో, సెదలున్నాయో పలికితే గదా తెలిసీది" అంటాను.