గురువమ్మ పొత్రం

మా వీధిలో శుక్రవారం శుక్రవారం నేను హారతి పట్టే అమ్మవారిని నిలబెట్టింది నేనే. ఆమె నా కలలోకి రాలేదు, నా ఒంటిమీదికీ రాలేదు. అంతా నేను ఆడిన నాటకం. ఈ బరువును ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే మోశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను. ఏడుస్తానని మాత్రం ఎదురుచూడకండి.

మాది తమిళనాడులో కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా గోడకు ఆనుకుని ఒక ఇల్లు పాడుబడి ఉండేది. గురువమ్మ అని, మావాళ్ళ కోడలే, ఆమెది. మొగుడు పోయాక మరుదులు ఆ ఇల్లు మాదని కోర్టుకెక్కారు. ఆమె విరుదునగర్ వెళ్ళి పప్పు మిల్లులో పనికి కుదిరి, అద్దెగదిలో ఉండేది. కేసు తేలేదాకా ఇంటికి తాళం. తాళం తలుపుకే గానీ కూలిన కప్పుకు కాదు కదా! వీధి చెత్తంతా అందులోకే. చచ్చిన కోళ్ళు, తాగి పారేసిన సీసాలు, ఎంగిలాకులు. ముళ్ళతుమ్మ మనిషెత్తు పెరిగింది. వాన పడితే లోపల నీళ్ళు నిలిచి, దోమలు మా ఇంట్లో కాపురం పెట్టేవి.

నా చిన్నకూతురికి డెంగీ వచ్చింది. ఆసుపత్రిలో దాని చెయ్యి పట్టుకుని కూర్చుని, ఇది బతికితే చాలు, తర్వాత సంగతి నేను చూసుకుంటాను అనుకున్నాను. బతికింది. నేను ఆఫీసుల చుట్టూ తిరిగాను. సొంతదారు రావాలి అన్నారు. మళ్ళీ వెళితే, కోర్టులో ఉన్నదాన్ని ముట్టుకోం అన్నారు. చెత్త వేయకండని వీధివాళ్ళను బతిమాలాను, తిట్టాను. ఎవరు విన్నారు? సరే, మనిషి మాట వినకపోతే సామి మాట వింటారు అనుకున్నాను.

ఒక శుక్రవారం తెల్లవారగానే ఆ ఇంట్లోకి దూరాను. చెత్తకింద పాత రుబ్బురోలు, అందులో పొత్రం కనిపించాయి. ఆ పొత్రాన్ని లాగి, కడిగి, పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి వాకిట్లో నిలబెట్టాను. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో నిలబడిన వేళకు జుట్టు విరబోసుకుని ఊగాను. మావాళ్ళమీదికి మా ఇలవేల్పు జక్కమ్మ వస్తే తెలుగులోనే పలుకుతుందని వీధికంతా తెలుసు. అర్థంకాని మాటంటే భయం ఎక్కువ. నేను అరిచినదాన్ని మా అత్త తమిళంలోకి తిప్పి చెప్పింది. ఈ చోటు నాది, ఇక్కడ చెత్త వేసినవాడి ఇంట దీపం ఉండదు అని. పాపం, ఆవిడ నమ్మే చెప్పింది.

సాయంత్రానికి వీధంతా పారలు పట్టుకొచ్చింది. తుమ్మ నరికారు, చెత్త ఎత్తారు, ఒరిగిన గోడలు పడగొట్టారు. ఆ ఏడు వానల్లో మా వీధిలో ఏ బిడ్డకూ ఆ జ్వరం రాలేదు. దీనికి నేను సిగ్గుపడాలా? పడను. మళ్ళీ అదే గతి వస్తే మళ్ళీ ఊగుతాను. దేవుడు నన్ను నిలదీస్తే, ఆ ఆఫీసువాళ్ళనూ నా పక్కన నిలబెట్టి అడగమంటాను.

ఇంతవరకూ చేసింది తప్పంటే ఒప్పుకోను. తప్పు ఆ తర్వాత ఉంది.

కొన్నేళ్ళకు కేసు గురువమ్మకు అనుకూలంగా తేలింది. ఒక చేతిసంచితో, మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చింది. ముందు ఒక గది లేపుకుని, మిల్లు మానేసి, సొంత కప్పుకింద ఉండాలని ఆమె ఆశ. అప్పటికి అక్కడ రేకుల పందిరి, గంట వెలిశాయి. మా అత్త పోయింది. వీధివాళ్ళు నన్ను ‘అమ్మా’ అని పిలిచి కాళ్ళకు మొక్కుతున్నారు. వాళ్ళు మేస్త్రీని గునపం వేయనివ్వలేదు. అమ్మనే అడుగు అన్నారు. అంటే నన్ను.

గురువమ్మ ఆ పసుపు ముద్ద ముందు కూర్చుంది. పొత్రం నెత్తిన పెచ్చు ఊడినచోట వేలితో తడిమింది. నా వైపు తిరిగి, మా ఇంటి మాటలో మెల్లగా అడిగింది.

"అక్కా, ఇది నా పొత్రం గదా?"

"ఇబుడు అది అమ్మ."

"నిజం చెప్పక్కా. నీ మింద అమ్మ వచ్చినాదా?"

"వచ్చినాది."

"నాకు వేరే యిల్లు లేదక్కా. నీకు తెలుసు గదా."

"సామి బూమిలో నేనేం చేసేది గురువమ్మా? పో."

చుట్టూ ఉన్నవాళ్ళంతా తమిళులు, వాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అది నా రోటి పొత్రం అని ఆమె తమిళంలో ఒక్క కేక వేస్తే చాలు, నా బతుకు వీధిన పడేది. వెయ్యలేదు. పోదాం రమ్మని మేస్త్రీకి చెప్పి, విరుదునగర్ బస్సెక్కింది. నన్ను నమ్మిందా? లేదు. నా కళ్ళలోకి చూసినప్పుడే ఆమెకు తెలిసిపోయింది. మరి ఎందుకు ఊరుకుంది? నన్ను కాపాడిందా, తన మాట ఎవరూ నమ్మరనుకుందా? నాకు ఈ రోజుకీ తెలియదు.

తెలిసిందల్లా ఒకటే. ఆ రోజు నా బిడ్డకు జ్వరం లేదు. వీధిలో చెత్త లేదు. అసలు మాకు ఆ పీడ పట్టిందే ఆ ఇంట్లో మనిషి లేకపోవడం వల్ల. ఉంటానని మనిషి వస్తే నేనే వెళ్ళగొట్టాను. బిడ్డకోసం చేశానని ఎన్నాళ్ళు నన్ను నేను మభ్యపెట్టుకోను? వీధిలో నా కాళ్ళకు దణ్ణం పెట్టేవాళ్ళు పెట్టడం మానేస్తారని భయపడ్డాను. దానికోసం ఒక ఆడదాని ఇల్లు తీసుకున్నాను.

మరి వీధికి చెబుతావా అని అడుగుతారు. చెప్పను. రేపు శుక్రవారం హారతి కూడా నేనే పడతాను. గురువమ్మను క్షమించమనీ అడగను. అడిగితే క్షమిస్తుందేమో, అంత మంచితనం నేను తట్టుకోలేను. కానీ ఒక్కరికైనా నా నోటితో చెప్పాలి, చెబుతున్నాను. ఆ స్థలం అమ్మవారిది కాదు. గురువమ్మది.