వెబ్‌సైటుకి కొట్టిన సున్నం

ముప్ఫై ఆరేళ్ళ రైల్వే సర్వీసులో ఒక్క బండినీ తప్పు లైనులోకి పంపని నేను, రిటైరైన ఏడాదికే ఒక తెలుగు బడిని ఎవరికీ కనబడకుండా మాయం చేశాను. సాక్ష్యం నా 2004 డైరీలోనే ఉంది. మీరు ఇప్పుడే నవ్వుకోవచ్చు, నాకు మాత్రం ఆరేళ్ళు పట్టింది.

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని, చదవమంటే గోడకేసి చూస్తారు. అందుకని ఆదివారం బడి పెడదామనుకున్నాను. కమ్యూనిటీ హాలు సెక్రటరీ అప్పల్రాజు గది ఇస్తూ ఒక మెలిక పెట్టాడు.

"గురువుగారూ, మొదటి ఆదివారం పదిమంది పిల్లలు రాకపోతే గది క్యారమ్స్ వాళ్ళకిచ్చేస్తాను. తర్వాత నన్ననొద్దు."

కంప్యూటర్ కోర్సు చదివిన మా మేనకోడలు భవాని బడికి వెబ్‌సైటు చేసిపెట్టింది. వేళ, హాలుకి దారి, నా ఫోన్ నంబరు అన్నీ మొదటి పేజీలోనే. ఎర్ర రంగు మీద పచ్చ అక్షరాలు బండి తప్పిపోతున్నట్టు పరిగెత్తేవి. కళ్ళు తిరిగేవి గాని సంగతి తెలిసేది.

అక్కడితో ఆగానా? మంచి వెబ్‌సైట్లకి బంగారు పతకమిచ్చే పోటీ ఒకటి ఇంటర్నెట్‌లో నా కంటబడింది. పతకమంటే మెడలో వేసుకునేది కాదండోయ్, పేజీ మీద అతికించుకునే వేలెడు బొమ్మ. అయినా సర్వీసులో శుభ్రతకిచ్చే షీల్డు కోసం స్టేషనంతా కడిగించిన ప్రాణం ఊరుకుంటుందా? నిబంధనలన్నీ డైరీలో వరస నంబర్లేసి రాసుకున్నాను.

నిజం చెప్పాలి, కొన్ని మంచివే. అక్షరాల పరుగు ఆపించాం, రంగులు మార్పించాం. మా ఆవిడ సావిత్రి కళ్ళజోడు లేకుండా చదివేసింది. చిక్కంతా ఏడో నిబంధనతో వచ్చింది. మొదటి పేజీ గజిబిజిగా ఉండకూడదట.

ఇన్‌స్పెక్షన్‌కి ముందు రైల్వేవాడు ఏం చేస్తాడు? విరిగిన కుర్చీలు, చీపుళ్ళు, బాల్టీలు వెనక గదిలో పడేసి తాళం వేస్తాడు. రాళ్ళకి సున్నం కొట్టిస్తాడు. నేనూ అదే చేశాను.

"అచ్ఛా, టైము, అడ్రసు కూడా తీసేయాలా? ఫిర్ పిల్లలు ఎలాగొస్తారు మావయ్యా?" అంది భవాని.

"ఇన్‌స్పెక్షన్ అయ్యేవరకేనే. పెద్ద దొర వచ్చినప్పుడు ప్లాట్‌ఫారం మీద చీపురు కనబడుతుందేటి?"

"ఫోన్ నంబరు చీపురా?"

"వాదించకు. తీసెయ్."

తీసేసింది. బడి పేరు, ఒక దీపం బొమ్మ, బోలెడు తెలుపు మిగిలాయి. పది రోజుల్లో పతకం వచ్చింది! ఆ రోజు డైరీలో 'పతకం' అన్న మాట తొమ్మిదిసార్లుంది. వెనక గది తాళం తియ్యాలన్న మాట ఒక్కసారీ లేదు.

పేజీ ఎన్నిసార్లు తెరిచారో చెప్పే అంకె మాత్రం రోజురోజుకీ పెరిగిపోతోంది.

"జనం ఎగబడుతున్నారు సావిత్రీ!"

"మరి ఒక్కడూ ఫోన్ చెయ్యడేటండీ?"

"మొహమాటం."

ఆదివారం పదిగంటలకి హాల్లో నేను, భవాని, సుద్దముక్క, ఖాళీ బెంచీలు. పదీ ఇరవై అయింది. పతకం వచ్చిన బడికి పిల్లలు రారా? గోడ గడియారం చూశాను, చేతి వాచీ చూశాను, డైరీలో వారం చూశాను. ఆదివారమే. గుమ్మంలో అప్పల్రాజు చంకలో క్యారమ్ బోర్డుతో నిలబడ్డాడు.

"తొందరేం లేదు గురువుగారూ. పౌడరు జల్లుతుంటాను."

పక్కనున్న భవానిని అడిగాను. "అంతమంది చూశారు కదే, ఒక్కరూ రారేటి?"

"చూసింది మీరే మావయ్యా. పతకం కోసం రోజుకి ముప్ఫైసార్లు తెరుస్తున్నారు. మిగిలినోళ్ళకి ఎక్కడికి రావాలో ఎలాగ తెలుస్తాది?"

అప్పుడు గుర్తొచ్చింది నేను తాళమేసిన వెనక గది! అంతలో బయట గోల. సావిత్రి వెనకాల పద్నాలుగుమంది పిల్లలు.

"ఏటనుకోకండి, పక్క స్టేషను ఉస్లాపూర్ నుంచొచ్చే పిల్లల కోసం ఆగాం."

"వీళ్ళకెవరు చెప్పారు?"

"ఫోన్ మోగకపోతే అనుమానమొచ్చింది. కేలండరు కాగితం వెనకాల రాసి కూరగాయల బండికి అంటించాను."

పీకి తెచ్చిన ఆ కాగితం చూపించింది. వంకర అక్షరాలు, రెండు సిరా మరకలు, పక్కన వంకాయ ధర. కానీ వేళ ఉంది, దారి ఉంది. అప్పల్రాజు మూతి ముడుచుకుని బోర్డు పట్టుకెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే అన్నీ పేజీలోకి తిరిగొచ్చాయి. వారానికి పోటీవాళ్ళ ఉత్తరం కూడా వచ్చింది. పేజీ గజిబిజిగా ఉంది కనుక పతకం తీసెయ్యమన్నారు. తీసేశాం. ఆ ఖాళీలో నా ఫోన్ నంబరు కొలిచి కట్ చేసినట్టు సరిపోయింది.

డైరీ చివరి పేజీలో గంభీరంగా ప్రతిజ్ఞ రాసుకున్నాను. 'ఏ పతకం కోసమైనా, ఎంత పెద్ద దొర కోసమైనా, రావలసినవాళ్ళకి కావలసిన సంగతి ఇక ఈ జన్మలో దాచను.' సాక్షి సంతకానికి సావిత్రికిచ్చాను. సంతకం పెట్టి, కింద వంకర అక్షరాలతో ఒక ముక్క చేర్చింది.

'బాగుంది. తేదీ వెయ్యలేదు.'